తుఫానులో గ్రిడ్ పోగానే మా మైక్రోగ్రిడ్ (సోలార్, బ్యాటరీ, జనరేటర్లతో నడిచే చిన్న సొంత గ్రిడ్) కూడా పడిపోతోంది. ఏఐ కంట్రోలర్ పెడితే నిలబడుతుందా?

ఫీడర్_నం_7
సిస్టం వివరాలు ముందే ఇస్తున్నా. సోలార్ 150 కిలోవాట్లు. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ 400 కిలోవాట్ అవర్లు, దానికి 100 కిలోవాట్ల పీసీఎస్, అంటే బ్యాటరీ ఇన్వర్టర్ (గ్రిడ్ లేకపోయినా వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ తానే నిలిపే గ్రిడ్ ఫార్మింగ్ మోడ్ ఉంది). 125 కేవీఏ (దాదాపు 100 కిలోవాట్ల) డీజిల్ జనరేటర్, 300 లీటర్ల ట్యాంకు. 400 వోల్టులు, 50 హెర్ట్జ్. మొత్తం లోడ్ 140 నుంచి 160 కిలోవాట్లు. అందులో ఏం జరిగినా ఆగకూడనివి (తాగునీటి పంపు, మందుల ఫ్రిజ్‌లు, కమ్యూనికేషన్ పరికరాలు, ఎమర్జెన్సీ లైట్లు) సగటున 22 కిలోవాట్లు.

గ్రిడ్ పోతుంది, ఐలాండింగ్ బ్రేకర్ (మమ్మల్ని గ్రిడ్ నుంచి విడదీసేది) సరిగ్గానే తెరుచుకుంటుంది, రెండు సెకన్లలో పీసీఎస్ ఓవర్‌లోడ్ అని ట్రిప్ అయిపోతుంది. మొత్తం చీకటి. చేత్తో లేపి నడిపినా రెండో రాత్రి దాటట్లేదు. పైగా ఎస్ఓసీ (బ్యాటరీలో మిగిలిన ఛార్జ్) 18 శాతం ఉందని చూపిస్తూనే బ్యాటరీ కట్ అయిపోయింది.

రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ (సిమ్యులేటరులో ప్రయత్నిస్తూ తానే నేర్చుకునే ఏఐ)తో పనిచేసే కంట్రోలర్ పెడితే ఇవన్నీ పోతాయని ప్రతిపాదన వచ్చింది. నిజంగా పోతాయా?

రిలే_సుబ్బు
బ్రేకర్ తెరుచుకునే క్షణానికి పీసీసీ (గ్రిడ్‌తో కలిసే చోటు) దగ్గర ఇంపోర్ట్ ఎంత ఉంది? లోడ్లు కట్ చేసే ఆర్డర్ ఎవరు ఇస్తున్నారు?

ఫీడర్_నం_7
మబ్బు పట్టి సోలార్ 15 కిలోవాట్లే ఉంది. ఇంపోర్ట్ 135. కట్ చేసేది ఈఎంఎస్ (ఎనర్జీ మేనేజ్‌మెంట్ సిస్టం), మోడ్‌బస్ అనే కమ్యూనికేషన్ ప్రోటోకాల్ మీద.

రిలే_సుబ్బు
అయితే జవాబు అక్కడే ఉందండీ. 135 కిలోవాట్లు ఒక్కసారిగా 100 కిలోవాట్ల పీసీఎస్ నెత్తిన పడుతున్నాయి. ఈఎంఎస్ సెకనుకోసారి ఒక్కో మీటరునీ అడిగి, గ్రిడ్ పోయిందని తేల్చుకుని, ఒక్కో బ్రేకరుకీ రాసేసరికి రెండు మూడు సెకన్లు. పీసీఎస్‌లు మామూలుగా 110 శాతం కొన్ని నిమిషాలు, 150 శాతం కొన్ని సెకన్లు ఓర్చుకుంటాయి, మీ డేటాషీట్‌లో ఓవర్‌లోడ్ కర్వ్ చూసుకోండి. పైగా వోల్టేజీ కుంగి మళ్లీ లేచేటప్పుడు పంపు మోటార్లు రేటింగుకి ఆరేడు రెట్లు లాగుతాయి. ఇంత వేగంలో ఏ అల్గారిథమ్ ఆలోచించినా లాభం లేదు. ఆలోచన ముందే అయిపోయి ఉండాలి.

చేయాల్సింది ఇది: కంట్రోలర్ ప్రతి సెకనూ ‘ఇప్పుడే గ్రిడ్ పోతే ఏ ఫీడర్లు తీయాలి’ అని లెక్కేసి ఆ జాబితాను రిలేలో రాసి పెట్టాలి. ఇంపోర్ట్ 135, పీసీఎస్ మీద 80 కంటే ఎక్కువ పడకూడదనుకుంటే కనీసం 55 కిలోవాట్ల ఫీడర్లు ‘ఆర్మ్’ (ట్రిప్‌కి ముందే సిద్ధం) అయి ఉండాలి. ఐలాండింగ్ బ్రేకర్ ఆక్సిలరీ కాంటాక్ట్ (బ్రేకర్ స్థితి చెప్పే చిన్న స్విచ్) తెరుచుకోగానే అవి తీగ మీదుగా నేరుగా ట్రిప్ కావాలి. రిలేలకు గూస్ (రిలేల మధ్య నేరుగా వెళ్లే వేగమైన సందేశం) ఉంటే ఆ సందేశం నాలుగైదు మిల్లీసెకన్లలో చేరుతుంది. బ్రేకర్ తెరుచుకునే టైం కలిపినా 100 మిల్లీసెకన్ల లోపు పని పూర్తి.

లూజ్‌కాంటాక్ట్
పై పోస్టుకి ఒక్క మాట చేరుస్తా. బ్యాటరీ అప్పుడు ఛార్జ్ అవుతుంటే లెక్క మారుతుంది. 30 కిలోవాట్లతో ఛార్జింగులో ఉంటే ఆ 30 కూడా ఇంపోర్టులో కలిసి కనిపిస్తుంది, కానీ ఐలాండ్ అయ్యాక ఆ లోడ్ ఉండదు. దాన్ని తీసేయకపోతే అనవసరంగా ఇంకో ఫీడర్ పోతుంది.

న్యూట్రల్_నాగమణి
ఓవర్‌లోడ్ సంగతి సరే, ఐలాండ్‌లో ప్రొటెక్షన్ ఏమవుతుందో ఎవరైనా చూశారా? 100 కిలోవాట్ల పీసీఎస్ 400 వోల్టుల దగ్గర ఇచ్చేది 144 ఆంపియర్లు. షార్ట్ సర్క్యూట్ అయినా ఒకటిన్నర రెట్లకు మించదు, అంటే 216. మీ 63 ఆంపియర్ల సీ కర్వ్ ఎంసీబీ వెంటనే ట్రిప్ కావాలంటే 315 నుంచి 630 కావాలి. 250 ఆంపియర్ల ఎంసీసీబీ (పెద్ద బ్రేకర్) సంగతి చెప్పనే అక్కర్లేదు. తడిసిన కేబుల్ ఒక్కటి షార్ట్ అయితే ఆ ఫీడర్ బ్రేకర్ కదలదు, పీసీఎస్సే కూలబడుతుంది, మళ్లీ మొత్తం చీకటి.

రిలేలో రెండో సెట్టింగ్ గ్రూప్ పెట్టి, ఐలాండింగ్ బ్రేకర్ స్థితిని బట్టి అది మారేలా చేయండి. ఐలాండ్ గ్రూపులో వోల్టేజీ పడిపోయినప్పుడు కరెంట్ పికప్ (రిలే స్పందించే స్థాయి) కూడా తగ్గే ఓవర్‌కరెంట్, నెగటివ్ సీక్వెన్స్ (ఫేజుల మధ్య అసమతుల్యతను పట్టేది), ఎర్త్ ఫాల్ట్ ఉండాలి. చిన్న ఫీడర్లను 20 ఆంపియర్ల ముక్కలుగా విడగొట్టడం అన్నిటికంటే సులువైన మందు: 20 ఆంపియర్ల సీ కర్వ్ 200 దగ్గర తప్పకుండా ఎగురుతుంది.

ఇంకోటి, ఇది ప్రాణాల సంగతి. మీ ఐలాండింగ్ స్విచ్ నాలుగు పోల్స్‌దా? అయితే అది తెరుచుకోగానే న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ ఉన్న లింకు అవతలి వైపే ఉండిపోతుంది. ఇవతల న్యూట్రల్ తేలిపోతుంది. మెటల్ బాడీకి ఫేజ్ తగిలినా ఎర్త్ లీకేజీ పనిచేయదు. ఐలాండ్ అవగానే న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపే కాంటాక్టర్ పెట్టి, అది మూసుకున్నట్టు ఫీడ్‌బ్యాక్ వస్తేనే పీసీఎస్ నడిచేలా ఇంటర్‌లాక్ చేయండి. వరద నీళ్లలో మనుషులు తిరిగే చోట ఇది లేకుండా ఐలాండ్ చేయనే కూడదు.

ఫీడర్_నం_7
నాలుగు పోల్స్‌దే. కాంటాక్టర్ లేదు. ఈ రాత్రే నోట్ పంపిస్తున్నా.

ఎంపీసీ_మాధవి
సుబ్బు గారు చెప్పింది మొదటి సెకను సంగతి. రెండో రాత్రి సంగతి వేరు, అక్కడ తెలివైన కంట్రోల్ నిజంగానే పనికొస్తుంది. అంకెలతో చెప్తా.

సాయంత్రం 6కి ఎస్ఓసీ 60 శాతం, అంటే 240 యూనిట్లు. అడుగున 15 శాతం ముట్టుకోకూడదు కాబట్టి 180 మిగిలాయి. కీలకమైన 22 కిలోవాట్లతో పాటు రెండో తరగతి లోడ్లు (అవసరమే కానీ ఆపగలిగినవి) 18 నడిపితే నాలుగున్నర గంటలు, రాత్రి 10:30కి అయిపోతుంది. 22 మాత్రమే నడిపితే రెండు దాటాక అయిపోతుంది. తెల్లారి 6 దాకా కావాల్సింది 264. లోటు 84 యూనిట్లు. దాన్ని డీజిల్ పూడ్చాలి.

మామూలు రూల్ ఏంటంటే 30 శాతానికి జనరేటర్ ఆన్, 80కి ఆఫ్. అది రాత్రి 11:30కి మొదలై, 200 యూనిట్లు ఎక్కించడానికి నాలుగు గంటలు నడుస్తుంది. దాదాపు 80 లీటర్లు. రేపు ఎండ వస్తుందని తెలిసిన కంట్రోలర్ అయితే లోటు మేరకు, దానిలో సగం అదనంగా, గంటా ముప్పావు నడిపి ఆపేస్తుంది. 36 లీటర్లు. ట్యాంకర్ వచ్చే దారి తెగిపోయినప్పుడు ఆ 44 లీటర్ల తేడా చిన్నది కాదు.

ఇలా ముందు గంటలను లెక్కేసి నడిపే మోడల్ ప్రిడిక్టివ్ కంట్రోల్‌కి (ఎంపీసీ) పెద్ద యంత్రమేం అక్కర్లేదు. 15 నిమిషాల అడుగు, 48 గంటల చూపు, మొత్తం 192 అడుగులు. జనరేటర్ ఆన్/ఆఫ్, ఒక్కో తరగతి లోడ్ ఆన్/ఆఫ్ బైనరీలు. హైజీఎస్ లాంటి ఉచిత సాల్వరుతో మామూలు ఇండస్ట్రియల్ పీసీ మీదే సెకన్లలో తేలుతుంది. ప్రతి 15 నిమిషాలకూ కొత్త కొలతలతో మళ్లీ లెక్కించాలి. మొదటి అడుగు మాత్రమే అమలు చేయాలి.

డీజిల్_డబ్బా
మాధవి గారి లెక్కకు తోడు: 100 కిలోవాట్ల జనరేటర్‌ను 22 కిలోవాట్ల మీద రోజంతా తిప్పడం అన్నిటికంటే చెడ్డ పని. గంటకు 9-10 లీటర్లు తాగుతుంది, రోజుకు 225 పైనే. అదే 75 కిలోవాట్ల మీద గంటకు 20 చిల్లర. అందులో 22 లోడుకి, 53 బ్యాటరీకి. అలా రోజుకు ఏడున్నర ఎనిమిది గంటలు నడిపి మిగతా టైం బ్యాటరీ మీద ఉంటే అటూ ఇటూగా 160 లీటర్లు సరిపోతుంది. సోలార్ సున్నా అనుకుని చెప్తున్నా ఇది.

30 శాతం లోడ్ కంటే తక్కువలో గంటల తరబడి తిప్పితే కాలని డీజిల్ ఎగ్జాస్టులో నల్లటి జిడ్డుగా పేరుకుంటుంది. సైలెన్సర్ జాయింట్ దగ్గర చెయ్యి పెట్టి చూస్తే వేలికి తారులా అంటుతుంది. కాబట్టి ఆప్టిమైజరులో ‘నడిస్తే కనీసం 40 కిలోవాట్లు, మొదలుపెడితే కనీసం గంట’ అని రెండు షరతులు పెట్టండి.

పాతకాపు_ప్యానెల్
ఇంత అవసరమా? టైమరు, నాలుగు థ్రెషోల్డులు పెడితే సరిపోదూ? సాల్వర్ హ్యాంగ్ అయితే అర్ధరాత్రి ఎవరు వచ్చి లేపుతారు? చూడగానే అర్థమయ్యే రూలే కష్టంలో కాపాడుతుంది.

ఎంపీసీ_మాధవి
ఆ భయం న్యాయమైనదే. అందుకే మీ రూల్ కూడా ఉండాలి, కానీ కింద. సాల్వర్ 60 సెకన్లలో జవాబివ్వకపోతే, లేదా ‘పరిష్కారం లేదు’ అంటే, పీఎల్‌సీలో (ప్యానెల్‌లోని ఇండస్ట్రియల్ కంట్రోలర్) ఉన్న 30/80 రూల్ దానంతటదే పగ్గాలు తీసుకుంటుంది. ‘పరిష్కారం లేదు’ అనే పరిస్థితి రాకుండా లోడ్ షెడ్డింగును గట్టి షరతుగా కాక పెనాల్టీగా రాయాలి: కీలకమైనది ఆగితే 1000, రెండో తరగతికి 50, మూడో తరగతికి 5. డీజిల్ లీటరుకు పెనాల్టీ మాత్రం ట్యాంకులో మిగిలినదాన్ని బట్టి పెరగాలి. అది మర్చిపోతే కంట్రోలర్ మొదటి రోజే ఉదారంగా కాల్చేస్తుంది.

మబ్బు_చూపు
ఫోర్‌కాస్ట్ మీద నాది హెచ్చరిక. మామూలు రోజుల డేటాతో నేర్పిన సోలార్ మోడల్ తుఫాను రోజున ఆశగా చెప్తుంది. దట్టమైన మబ్బులో ఉత్పత్తి మామూలు ఎండ రోజుతో పోలిస్తే 10-20 శాతానికి పడిపోవచ్చు, పైగా ప్యానెళ్ల మీద ఆకులు, బురద. సగటు అంచనా వాడకండి. పదింట తొమ్మిది సార్లు దాటే అంకె, అంటే పీ10 క్వాంటైల్, తీసుకోండి. వాతావరణ ఫీడ్ ఆగిపోతే గత రెండు గంటల్లో నిజంగా వచ్చిన ఉత్పత్తికీ, ఆ టైముకి నిర్మలాకాశంలో రావాల్సిన దానికీ ఉన్న నిష్పత్తినే ముందుకు పొడిగించండి. మొరటు పద్ధతే, కానీ ఇంటర్నెట్ అక్కర్లేదు.

లూజ్‌కాంటాక్ట్
ఎస్ఓసీ 18 శాతం దగ్గర కట్ అయిన సంగతి ఎవరూ ముట్టుకోలేదు. ఎల్ఎఫ్‌పీ వోల్టేజీ మధ్యలో చదునుగా ఉంటుంది. వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. బీఎంఎస్ (బ్యాటరీని కాపలా కాసే సర్క్యూట్) కరెంటును కూడుకుంటూ పోతుంది, ఆ తప్పు వారాల తరబడి పేరుకుంటుంది. రోజూ 40-80 మధ్యే తిరిగే బ్యాటరీకి ఇది ఇంకా ఎక్కువ. అంతలో ఏదో ఒక సెల్ అడుక్కి చేరి 2.5 వోల్టుల దగ్గర మొత్తాన్ని కట్ చేస్తుంది. వారం రెండు వారాలకోసారి పూర్తిగా నింపి, పైన కాసేపు నిలిపితే అంకె సరిదిద్దుకుంటుంది. ఐలాండ్‌లో కంట్రోలర్ ఎస్ఓసీతో పాటు అన్నిటికంటే తక్కువ సెల్ వోల్టేజీని కూడా చూడాలి. లోడ్ మీద 3.0 కిందకి వస్తే అంకె ఎంత చూపించినా ఖాళీ అయినట్టే లెక్క.

ఫీడర్_నం_7
మాది సరిగ్గా 40-80 మధ్యే తిరుగుతోంది, పీక్ టారిఫ్ కోసం. ఫుల్ ఛార్జ్ నెలల తరబడి చేయలేదు.

చీకటి_గది
తుఫాను హెచ్చరిక రాగానే ఆ టారిఫ్ ఆట ఆగిపోవాలి. స్టార్మ్ మోడ్ అని ఒకటి పెట్టండి: తుఫానుకు 24-48 గంటల ముందు నుంచి ఎస్ఓసీ 95 పైన, ట్యాంకు నిండుగా, జనరేటర్ లోడ్ మీద అరగంట టెస్ట్, గాలికి ఊగే అనవసర ఫీడర్లు ముందే ఆఫ్. ఆటోమేటిగ్గా రావాలి, గోడ మీద తాళంచెవి స్విచ్‌తో చేత్తో కూడా పెట్టగలగాలి.

నా సలహా ఇంకో అడుగు ముందుకి: గ్రిడ్ మినుకుమినుకుమనడం మొదలవగానే మనమే విడిపోదాం. ఆటో రీక్లోజర్ (లైను పోగానే తిరిగి కలిపి చూసే గ్రిడ్ బ్రేకర్) కొట్టే ప్రతి దెబ్బకీ కంగారుగా ఐలాండ్ అయ్యే కంటే, పీసీసీ ఇంపోర్టును సున్నాకి తెచ్చుకుని మెల్లగా తెరవడం మేలు.

పాతకాపు_ప్యానెల్
ఇక్కడ ఒప్పుకోను. గ్రిడ్ ఉన్నంతసేపూ వచ్చే ప్రతి యూనిట్టూ మన బ్యాటరీలో మిగిలే యూనిట్టే. ఆరు గంటలు ముందు విడిపోతే 22 కిలోవాట్ల మీదే 132 యూనిట్లు ఖర్చు. రెండో రాత్రి అవే కావాలి.

రిలే_సుబ్బు
మధ్యే మార్గం ఉందండీ. విడిపోవద్దు, కానీ పీసీసీ ఇంపోర్టును 0-20 కిలోవాట్ల మధ్య ఉంచి నడపండి. మూడో తరగతి లోడ్లు ముందే తీసేస్తే బ్యాటరీ పెద్దగా అరగదు. గ్రిడ్ పోయిన క్షణాన పీసీఎస్ మీద పడేది ఆ 20 మాత్రమే. పది నిమిషాల్లో మూడుసార్లు వోల్టేజీ 85 శాతం కిందకి కుంగితే అప్పుడు పూర్తిగా విడిపోవాలి.

చీకటి_గది
సరే, ఇది నా పద్ధతి కంటే బాగుంది.

డ్రూప్_దాసు
మధ్యాహ్నం సంగతి ఎవరూ అడగలేదు. ఐలాండ్‌లో బ్యాటరీ నిండింది, లోడ్ 22, ఎండ విరగకాసి సోలార్ 110. ఎక్కడికి పోవాలి ఆ కరెంటు? పీసీఎస్ ఫ్రీక్వెన్సీ పెంచాలి, సోలార్ ఇన్వర్టర్లు 50.2 హెర్ట్జ్ దగ్గర తగ్గడం మొదలుపెట్టి 51.5కి సున్నా కావాలి. పాత సెట్టింగులున్న ఇన్వర్టర్లు 50.5కే ఒక్కసారిగా ట్రిప్ అవుతాయి. అప్పుడు 110 కాస్తా సున్నా, ఐదు నిమిషాలాగి అన్నీ ఒకేసారి మళ్లీ పైకి, మళ్లీ ట్రిప్. ఐఈఈఈ 1547-2018లో (చిన్న విద్యుత్ వనరులను గ్రిడ్‌కు కలిపే ప్రమాణం) తిరిగి కలవడానికి డిఫాల్ట్ ఆలస్యం 300 సెకన్లు. అందరిదీ అదే అంకె అయితే అందరూ ఒకే క్షణాన వస్తారు. మూడు గుంపులు చేసి 300, 420, 540 ఇవ్వండి, ర్యాంపు కూడా పెట్టండి.

ఇదే ఫ్రీక్వెన్సీని కబురు చెప్పడానికీ వాడుకోవచ్చు. కమ్యూనికేషన్ కేబుల్ తెగినా కరెంటు తీగ ఉంటుంది కదా. ఎస్ఓసీ 40 కిందకి రాగానే పీసీఎస్ 49.7కి దించుతుంది, మూడో తరగతి ఫీడర్ల దగ్గరున్న చిన్న ఫ్రీక్వెన్సీ రిలేలు అది చూసి తెరుచుకుంటాయి. 25 కిందకి వస్తే 49.4, రెండో తరగతి పోతుంది. ఏ నెట్‌వర్కూ అక్కర్లేదు.

లూజ్‌కాంటాక్ట్
@డ్రూప్_దాసు, డ్రూప్ (లోడ్ పెరిగేకొద్దీ ఫ్రీక్వెన్సీని తగ్గించే సెట్టింగ్) వల్ల లోడ్ పెరిగినా ఫ్రీక్వెన్సీ పడుతుంది కదా? 1 శాతం డ్రూప్ అంటే పూర్తి లోడ్ మీద అర హెర్ట్జ్. పంపు స్టార్ట్ అయినప్పుడల్లా ఫీడర్లు పోవా?

డ్రూప్_దాసు
పోతాయి, అందుకే రిలేకి 10 సెకన్ల ఆలస్యం పెట్టాలి. గ్రిడ్ ఫార్మింగ్ యూనిట్ ఒక్కటే ఉన్నప్పుడు డ్రూప్ 0.2 శాతానికి తగ్గించండి, అప్పుడు పూర్తి లోడుకీ 0.1 హెర్ట్జే. జనరేటర్ కలిసి నడిచేటప్పుడు మాత్రం ఇద్దరి డ్రూపూ పొంతన కుదరాలి. లేకపోతే లోడంతా ఒకరే మోస్తారు.

న్యూట్రల్_నాగమణి
చిన్నవిగా కనిపించి మొత్తాన్ని కూల్చేవి కొన్ని.

బ్యాటరీ గది ఏసీ ఏ ఫీడర్ మీద ఉంది? మూడో తరగతిలో ఉంటే లోడ్ షెడ్డింగులో మొదట పోయేది అదే. నాలుగైదు గంటల్లో గది వేడెక్కి బీఎంఎస్ ఓవర్ టెంపరేచర్ అని కట్ చేస్తుంది. లాగ్‌లో ‘బ్యాటరీ ఫాల్ట్’ అని ఉంటుంది, అసలు దోషి ఫీడర్ లిస్టు.

కాంటాక్టర్ కాయిళ్లు ఏసీ మీద ఉంటే వోల్టేజీ సగానికి కుంగగానే అన్నీ రాలిపోతాయి. 24 వోల్టుల డీసీ కాయిళ్లు వేయండి.

బ్లాక్ స్టార్టుకు (మొత్తం చీకటి నుంచి తిరిగి లేపడానికి) ఆ 24 వోల్టులు ఎంతసేపు నిలుస్తాయో లెక్కేయండి. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే 2.4 యూనిట్లు, సగమే వాడదగినది. బీఎంఎస్, పీఎల్‌సీ, స్విచ్, రూటరు కలిపి 60 వాట్లయితే 20 గంటలు. అంతకు మించి చీకటి ఉంటే పెద్ద బ్యాటరీ నిండుగా ఉండి కూడా లేవదు.

కంట్రోలర్ గడియారం. కరెంటు పోయి వచ్చాక నెట్ లేకపోతే టైం సర్వర్ దొరకదు. లోపలి నాణెం బ్యాటరీ చచ్చిపోయి ఉంటే తేదీ 1970కి వెళ్తుంది, మిట్ట మధ్యాహ్నాన్ని రాత్రి అనుకుని జనరేటర్ తిప్పుతుంది.

వరద_గీత
నేల మీద ప్లగ్గులున్న ఫీడర్లకు ఫ్లోట్ స్విచ్ పెట్టండి. నీళ్లు సాకెట్‌కి అరడుగు కిందకి వచ్చినప్పుడే ఆ ఫీడర్ తీసేయాలి. నీళ్లు తగిలాక షార్ట్ అయితే ఏమవుతుందో నాగమణి గారు పైన చెప్పారు.

ఫీడర్_నం_7
బ్లాక్ స్టార్ట్ క్రమం ఎవరైనా చెప్తారా? ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఉంది మధ్యలో.

రిలే_సుబ్బు
ఫీడర్లన్నీ తెరిచి ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్‌ను ముందే కలిపి ఉంచి, పీసీఎస్ వోల్టేజీని సున్నా నుంచి పూర్తికి మూడు నాలుగు సెకన్లలో మెల్లగా పెంచాలి. నిండు వోల్టేజీతో కొడితే ఇన్‌రష్ (మొదటి క్షణంలో లాగే కరెంట్) రేటింగుకి పది రెట్లు దాకా పోతుంది, పీసీఎస్ తట్టుకోలేదు. తర్వాత కంట్రోల్ గది, కమ్యూనికేషన్, ఫ్రిజ్‌లు, అన్నిటికంటే పెద్ద మోటారు చివర. ఒక్కో అడుగుకీ మధ్య 30 సెకన్లు. చాలాసేపు ఆగి ఉన్న ఫ్రిజ్‌లూ ఏసీలూ అన్నీ ఒకేసారి అందుకుంటాయి, మామూలు లోడుకి రెండు మూడు రెట్లు, అరగంట పైన. ఒక్కో ఫీడరుకీ ఆగిన గంటలను బట్టి ఎంత లాగుతుందో అంచనా వేయడం మెషిన్ లెర్నింగుకి తగిన పని.

గ్రిడ్ తిరిగి వచ్చాక తొందరపడకండి. 500 కేవీఏ లోపు సిస్టంకి 1547 ప్రకారం సింక్ పరిమితులు (తిరిగి కలిపేటప్పుడు గ్రిడ్‌కీ మనకీ మధ్య ఉండదగిన తేడా): ఫ్రీక్వెన్సీ తేడా 0.3 హెర్ట్జ్, వోల్టేజీ 10 శాతం, కోణం 20 డిగ్రీలు. తుఫాను తర్వాత వచ్చిన గ్రిడ్ మళ్లీ పోతుంది కాబట్టి 300 సెకన్లు కాదు, అరగంట నిలకడ చూడండి.

ఎంపీసీ_మాధవి
ఇక మీరు మొదట అడిగిన ఆర్ఎల్ (రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్) కంట్రోలర్ సంగతి. దాన్ని తోసిపుచ్చను. కానీ ప్రతిపాదన ఇచ్చినవాళ్లను మూడు అడగండి. నేర్పిన సిమ్యులేటరులో పీసీఎస్ కరెంట్ పరిమితి, బీఎంఎస్ కట్, తెగిన కమ్యూనికేషన్ ఉన్నాయా? తప్పు ఆర్డర్‌ను ఆపే గట్టి ఫిల్టర్ విడిగా ఉందా? సెన్సర్ ఒకటి పోతే ఏం చేస్తుందో చూపిస్తారా? ఇవి లేనిదాన్ని బ్రేకర్ల మీద చెయ్యి వేయనివ్వకండి.

చీకటి_గది
2011 మార్చి 11 భూకంపంలో సెండాయ్ మైక్రోగ్రిడ్ గుర్తు చేసుకోండి. గ్రిడ్ పోగానే గ్యాస్ ఇంజిన్లు ఆగిపోయాయి. బ్యాటరీ, సోలార్ మీద కీలకమైన లోడ్లు నిలిచాయి, ఇంజిన్లను మర్నాడు మనుషులు వెళ్లి మళ్లీ స్టార్ట్ చేశారు. చేత్తో లేపే దారి ఉండబట్టే లేచింది. మీ ప్యానెల్ తలుపు లోపల బ్లాక్ స్టార్ట్ క్రమం పెద్ద అక్షరాల్లో ప్లాస్టిక్ కవరులో అంటించండి. టార్చి కూడా అక్కడే.

ఫీడర్_నం_7
అందరికీ కృతజ్ఞతలు. నా వరుస: 1. ఆర్మ్ చేసిన ట్రిప్ వైరింగ్. 2. ఫీడర్ల కొత్త జాబితా, బ్యాటరీ గది ఏసీ కీలకంలోకి. 3. న్యూట్రల్-ఎర్త్ కాంటాక్టర్. 4. ఫుల్ ఛార్జ్, స్టార్మ్ మోడ్. 5. ఇన్వర్టర్ల ఫ్రీక్వెన్సీ సెట్టింగులు. 6. ఎంపీసీ. తర్వాత మెయిన్ తెరిచి నిజం ఐలాండ్ టెస్ట్.

న్యూట్రల్_నాగమణి
3ని 1 చేయండి. అది అయ్యేదాకా ఐలాండ్ మోడ్ లాక్ చేసి ఉంచండి.

లూజ్‌కాంటాక్ట్
టెస్టు ఎస్ఓసీ 90 దగ్గర ఒకసారి, 25 దగ్గర ఇంకోసారి. నిండు బ్యాటరీతో ఏదైనా పాస్ అవుతుంది.

రిలే_సుబ్బు
టెస్ట్ రోజున పీసీఎస్ వోల్టేజీ, కరెంట్ వేవ్‌ఫారం రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. బ్రేకర్ తెరుచుకున్న క్షణానికి అటూ ఇటూ రెండేసి సెకన్లు చాలు.